పెద్దాయన ఎడమ మోకాలు

జూలై 4

మోకాలు. అందులోనూ ఎడమ మోకాలు.

రేపు ఎవరైనా మాట మారిస్తే సాక్ష్యంగా ఉంటుందని నియమాలన్నీ ఇక్కడ రాసిపెడుతున్నాను. మా శిల్ప విభాగంలో చివరి ఏడాది విద్యార్థులందరం కలిసి ఒకే ఒక మనిషి విగ్రహాన్ని చేయాలి. రెండు నిలువుల ఎత్తు. అతని పేరు 'పెద్దాయన'. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఒక్కొక్కరికి ఒక్కో అవయవం. ఒక్కొక్కరిది ఒక్కో పదార్థం. రాయి, కలప, లోహం, సిమెంటు నిషిద్ధం. ఒకరు ఎంచుకున్న పదార్థాన్ని మరొకరు ముట్టరాదు. పరీక్షనాడు ముక్కలన్నింటినీ పేర్చి పెద్దాయనను నిలబెడతారు. ఎవరి ముక్క విరిగితే వారు ఈ ఏడాదిని మళ్ళీ చదవాలి. పెద్దాయన కూలిపోతే అందరమూ మళ్ళీ చదవాలి.

ఇంతకాలం తల మాత్రం తరగతిలో మొదటి ర్యాంకు వారికి దక్కేది. అది భూస్వామ్య పద్ధతి అని విభాగం సమావేశంలో నేనే లేచి మాట్లాడాను. శరీరంలో ఏ భాగమూ మరో భాగానికి సేవకురాలు కాదనీ, శిరస్సుకు అగ్రాసనం ఇవ్వడం శరీరం మీద జరిగిన తొలి కుట్ర అనీ అన్నాను. మాస్టారు మొదట గోడ గడియారం వైపూ, తరువాత నా వైపూ చూసి, "సరేనమ్మా, చీటీలు వేద్దాం" అన్నారు.

తల మౌనికి వచ్చింది. మౌని అంటే మా తరగతిలో వెనక బల్ల మీద కూర్చునే కుర్రాడు. కాలేజీలో చేరిన నాటినుంచీ "ఊఁ" తప్ప అతని నోట మరో మాట విన్నవారు లేరు. మొదటి ర్యాంకు పెద్దక్కది. ఆమె చేస్తున్న ఉద్యోగాన్ని మానుకుని వచ్చి మాతో చదువుతోంది. ఆమెకు కుడి మడమ వచ్చింది. చీటీ విప్పి చదివి, నెమ్మదిగా మడిచి, నా ముందుకొచ్చి నిలబడింది.

"సంతోషమా మైకూ?"

మైకు అంటే నేను. చర్చా పోటీల్లో మైకు వదలనని పెట్టిన పేరు.

సంతోషమే. సూత్రం గెలిచింది. మోకాలు అన్న చీటీ నా చేతికి రావడం ఆ సూత్రానికి బలమే గానీ లోపం కాదు.

(నేను తలను ఆశించలేదు. ఈ విషయం స్పష్టంగా రాసి ఉంచడం అవసరం.)

జూలై 6

టీ తాగే చోట నాకు కుర్చీ ఉంచలేదు. నిలబడి తాగాను. నిలబడితే ఆలోచన చురుగ్గా ఉంటుంది.

జూలై 9

మోకాలికి నమూనాగా అత్తను ఒప్పించాను. నాన్న చెల్లెలు, ఆమె ఇంట్లోనే ఉండి చదువుకుంటున్నాను. అత్త కారు నడపడం నేర్పుతుంది. ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ళు ఈ ఊరి రోడ్లన్నింటి మీదా ఉన్నారు. అందుకే తాను రోడ్డు దాటేటప్పుడు మాత్రం ఎవరినీ నమ్మదు.

స్టూలు మీద కాలు చాపి కూర్చుంది.

"ఎడమదే కావాలా?"

"ఎడమదే అత్తా."

"మంచిదే. కుడిది బ్రేకు కాలు, దానికి పొగరెక్కువ. ఎడమది క్లచ్చు కాలు. ఇన్నేళ్ళూ నోరెత్తకుండా పనిచేసింది పాపం. ఈమధ్యే మాట్లాడటం మొదలెట్టింది."

"ఏమంటుంది?"

"కటకటమంటుంది. మెట్లెక్కేటప్పుడు పక్కనే ఉండి విను. నీకంటే క్లుప్తంగా మాట్లాడుతుంది."

మోకాలు కేవలం కీలు కాదనీ, తొడ చేసే ప్రతిపాదనకూ పిక్క చేసే అభ్యంతరానికీ నడుమ కుదిరిన ఒడంబడిక అనీ వివరించాను. అత్త చివరిదాకా శ్రద్ధగా విన్నది.

"మెదడు మోకాల్లో ఉందంటే తిట్టనుకునేదాన్నే ఇన్నాళ్ళూ," అంది. "మీకు దాన్ని పాఠంగా చెబుతున్నారన్నమాట."

జూలై 15

సబ్బు. బట్టల సబ్బు బిళ్ళలను తురిమి, తడిపి, పిసికి, ముద్ద చేసి, ఆరబెట్టి చెక్కాను. చెక్కుతుంటే వేలికింద లొంగిపోయే తీరు అద్భుతం. చిప్ప గుండ్రంగా, నునుపుగా, వాదానికి తావివ్వని విధంగా వచ్చింది.

మాస్టారు చూశారు. ఆయన ఏ శిల్పాన్ని చూసినా అడిగేది ఒకటే ప్రశ్న.

"నిలబడుతుందా?"

"అందం గురించి ఏమంటారు మాస్టారూ?"

"నిలబడ్డాక మాట్లాడుకుందాం."

జూలై 22

మోకాలు తగ్గుతోంది.

మొదట కొలతలో పొరపాటు అనుకున్నాను. ఈ ఉదయం పంపు దగ్గరికి వెళ్ళి చూస్తే తరగతి యావత్తూ నా మోకాలితో చేతులు కడుక్కుంటోంది. బంకమట్టి పని అయ్యాక ఒక్కొక్కరూ వరుసలో వచ్చి చిప్పను రుద్దుకుని పోతున్నారు. మౌని అయితే మోచేతుల దాకా రుద్దుకున్నాడు.

కళాఖండానికీ ఉపయోగ వస్తువుకూ గల భేదాన్ని గురించి అక్కడే మాట్లాడాను.

"పంపు పక్కనెందుకు పెట్టావ్ మరి?" అంది పెద్దక్క, నురగ కడుక్కుంటూ.

"ఆరడానికి గాలి తగులుతుందని."

"నురగ బాగా వస్తోంది. ఈ మాట మాత్రం మెచ్చుకోవాలి."

మూడేళ్ళలో నా పనికి దక్కిన మొదటి ప్రశంస ఇది. తిరస్కరించాను.

జూలై 30

రొట్టె పిండి. జీవం ఉన్న పదార్థంతోనే జీవం ఉన్న కీలును చేయాలన్నది నా కొత్త వాదం. పిండి కొద్దీ రొట్టె అంటారు; కాబట్టి పిండి ఎక్కువే కలిపాను. పులిసే పొడి కూడా ఎక్కువే.

అత్త వంటింటి బల్ల మీద అచ్చంగా ఆమె మోకాలిలాగే మలిచి పెట్టి, తడిగుడ్డ కప్పి, గ్రంథాలయానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అత్త బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. గుడ్డ బల్లకంటే జానెడు ఎత్తున ఉంది.

"దీనికి నీరు పట్టిందే," అంది అత్త. "డాక్టరుకి చూపిద్దామా?"

"ఇది ఎదుగుదల అత్తా."

"నాకూ మొదట్లో అలాగే అనిపించింది. తర్వాత మెట్లు దిగలేకపోయాను."

కాల్చాం. ఓవెన్ తలుపు పట్టలేదు కాబట్టి రెండు ముక్కలు చేసి కాల్చాం. నాలుగు రోజులు మోకాలే తిన్నాం.

ఆగస్టు 2

కాగితం గుజ్జును నడుము తీసుకుంది. నడుము చేస్తున్నది మా తరగతిలో అందరికంటే బక్కపలచని పిల్ల. ఎవరైనా గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడుతుంది. పదార్థాన్ని ముందు ఎంచుకున్నవారికే హక్కు అన్న నియమంలో 'ఎంచుకోవడం' అంటే ఏమిటో ఎక్కడా నిర్వచించలేదని మాస్టారి ముందు నిరూపించాను. గుజ్జు నాకే చెందుతుందని తేలింది. ఆ పిల్ల బకెట్టు తెచ్చి నా బల్ల పక్కన పెట్టి వెళ్ళింది.

సాయంత్రం బకెట్టును తిరిగి ఆ పిల్ల బల్ల దగ్గరికి చేర్చాను. కారణం: గుజ్జు కంపు కొడుతోంది. వేరే కారణం లేదు.

ఆగస్టు 9

ఉప్పు. చెమట పట్టింది.

ఆగస్టు 11

మంచుగడ్డ. చర్చ అనవసరం.

ఆగస్టు 20

మిగిలిన పదకొండు ముక్కలూ దాదాపు తయారు. కుడి మోకాలిని విరిగిన గొడుగులతో కట్టారు. ఊచలు లోహమేనని నేను అభ్యంతరం చెప్పాను; గొడుగు గొడుగేనన్నారు మాస్టారు. పెద్దక్క మడమ అరిగిపోయిన చెప్పుల అడుగుభాగాలను ఒకదానిమీద ఒకటి అతికించి చేసినది. ఎద్దు తొక్కినా చలించదు. నడుము కాగితం. మౌని తలను స్నానం చేసే స్పాంజీలతో చేశాడు. కళ్ళు లేవు, నోరు లేదు, చెవుల చోట గుంటలు మాత్రం ఉన్నాయి. అందరూ దాని ముందు నిలబడి చాలాసేపు చూస్తున్నారు. నాకు అందులో ప్రత్యేకంగా ఏమీ కనిపించలేదు. మూడుసార్లు చూశాను.

పెద్దక్క ఈరోజు నా బల్ల దగ్గరికి వచ్చింది. ఖాళీ బల్ల.

"మైకూ, ఒక మాట చెప్పనా? నేను ఈ ఏడాది పోతే మళ్ళీ చదవను. చదవలేను. ఇంట్లో ఒప్పుకోరు. ఉద్యోగం మానొద్దని అందరూ నెత్తీనోరూ బాదుకుంటే వినకుండా వచ్చినదాన్ని."

"నీ మడమ గట్టిగానే ఉందిగా అక్కా."

"మడమ మీద ఉన్నది నీ మోకాలు కాదు, నిజమే. కానీ పడితే అందరం ఒకే కుప్ప."

దీనికి ప్రతివాదం ఉంది. వెతుకుతున్నాను.

ఆగస్టు 24

అత్త బండి పాత టైరు ట్యూబు! ఇంటి వెనక గోడకు వేలాడుతోంది. కోసి, మడిచి, ఒక కొస కుట్టి, ఇసుక నింపి, రెండో కొస కూడా కుట్టి, లోపల చిప్ప ఆకారం వచ్చేలా తాడుతో బిగించి కట్టాను. నల్లగా, బిగువుగా, కండ ఉన్న మోకాలు. దాని మీద ఎక్కి నిలబడ్డాను. అత్తను ఎక్కమన్నాను. ఇద్దరం ఎక్కాం.

"కటకట లేదు," అంది అత్త, అసూయగా.

మాస్టారు దాన్ని బొటనవేలితో నొక్కారు. పిడికిలితో గుద్దారు. నిలబడుతుందా అని అడగలేదు.

సెప్టెంబరు 3

నిలబెట్టి చూశాం. నిలబడ్డాడు. ఉదయం పేర్చినవాడు మధ్యాహ్నం దాకా చెక్కు చెదరలేదు. ఎవరూ నా నుంచి దూరంగా జరగలేదు. బక్కపలచని పిల్ల నిచ్చెన మీద ఉండి కింద నిలబడ్డ నా భుజం పట్టుకుని దిగింది. ఆసరాకు దగ్గరలో నేనే ఉన్నాను కాబట్టి.

సెప్టెంబరు 9

రేపు పరీక్ష. బయటినుంచి ఒక పరీక్షకురాలు వస్తోంది. ప్రతి ముక్క మీదా దాని పేరు రాసిన చిన్న చీటీ ఉండాలి. మిగిలినవారందరూ 'నడుము', 'మెడ', 'కుడి మడమ' అని రాసి ఊరుకున్నారు.

ఒక్క మాటతో మోకాలిని వదిలేస్తే చూసేవారు దాన్ని మోకాలిగానే చూసే ప్రమాదం ఉంది. అందువల్ల నాలుగు పేరాల వివరణ రాశాను: అధికారం, వంగడం, వంగకపోవడం, చివరిగా పదార్థాల సమానత్వం. దళసరి అట్ట మీద అందంగా రాయించాను. జిగురు రబ్బరుకు అంటుకోలేదు. నాలుగు మూలలా నాలుగు పొడుగాటి పిన్నులు గుచ్చి బిగించాను. ఇప్పుడు కదలదు.

సెప్టెంబరు 10

జరిగింది జరిగినట్టుగా రాస్తాను.

పరీక్షకురాలు పదింటికి వచ్చింది. పొట్టి జుట్టు, మెడకు తాడుతో వేలాడే కళ్ళద్దాలు. ప్రిన్సిపాలు గారు ఏదో సమావేశంలో ఉన్నారనీ, వెనక వస్తారనీ మాస్టారు చెప్పారు. పెద్దాయన హాలు మధ్యలో తలుపు వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. పాదం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరూ తమ ముక్క గురించి ఒకటి రెండు మాటలు చెబుతున్నారు. పెద్దక్క "మడమండీ, చెప్పులు," అని పక్కకు జరిగింది.

నా వంతు వచ్చింది. మొదటి పేరా చెప్పాను. రెండో పేరా చెప్పాను. మూడో పేరాలో, వంగకపోవడం గురించి చెబుతుండగా, అట్ట కింది మూల నుంచి సన్నని ధార జారడం కంటి చివర కనిపించింది. వాదాన్ని మధ్యలో ఆపకూడదన్నది నాకు మొదటి పాఠం. ఆపలేదు.

వెనక నుంచి ఎవరో అన్నారు:

"మైకూ, ఇసుక."

ఆ గొంతు ఎవరూ ఎప్పుడూ విననిది. అందరూ వెనక్కి తిరిగారు. మౌని. మూడేళ్ళలో మొదటిసారి నోరు విప్పాడు. రెండు మాటలు, రెండూ నిజాలు.

"ప్రశ్నలు చివర్లో," అన్నాను.

నాలుగో పేరాలోకి వచ్చేసరికి పెద్దాయన కదిలాడు. కూలడం కాదు. చాలా మర్యాదగా, అలసిన మనిషి కుర్చీ వెతుక్కున్నట్టుగా, ఎడమ వైపు కుంగాడు. కుడి మోకాలిలోని గొడుగులు ఒకదాని తరువాత ఒకటి టపటపా ముడుచుకున్నాయి. ఎడమ పిక్క నేలకు ఆనింది. నడుము వంగింది. స్పాంజీ తల ముందుకు వాలి ఆగిపోయింది. అంతటితో నిలిచాడు. ఒక్క ముక్కా ఊడలేదు. మోకాళ్ళ మీద ఉన్నాడు, అంతే.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని ప్రిన్సిపాలు గారు లోపలికి వచ్చారు. రెండు నిలువుల మనిషి తన ముందు మోకరిల్లి ఉండటం చూసి చేతులు రెండూ ఎత్తేశారు.

"అయ్యయ్యో, ఏమిటిది! లే బాబూ, లే. హాజరు తక్కువైందా? ఆఫీసుకి వచ్చి చెప్పుకోవచ్చుగా! లే, చూద్దాం."

ఎవరూ నవ్వలేదు. నవ్వే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన ఇంకో అడుగు ముందుకు వేసి, కళ్ళు చికిలించి, అప్పుడు ఆగారు.

పరీక్షకురాలు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఇన్నేళ్ళుగా ఎన్నో కాలేజీలకి వెళ్ళాను," అంది. "నిలబడ్డవే చూపించారు అందరూ. ఈ ఆలోచన ఎవరిది?"

హాలంతా నా వైపు తిరిగింది. పెద్దక్క తన చెప్పు అంచుతో ఇసుకను నెమ్మదిగా పెద్దాయన కిందికి తోస్తోంది. నా కళ్ళలోకి చూసి తల ఊపింది. అవునను అని. మాస్టారు కిటికీ బయటకు చూస్తున్నారు.

'అవును' అన్న పక్షానికి కావలసినదంతా నా దగ్గర సిద్ధంగా ఉంది. మొదటి వాక్యం నాలుక మీదకు వచ్చింది కూడా. ఎందుకో, దాని రుచి బట్టల సబ్బులా ఉంది.

"ఆలోచన కాదండీ," అన్నాను. "కన్నం."

"అంటే?"

"పిన్నులు గుచ్చాను. రబ్బరుకి కన్నాలు పడి ఇసుక కారిపోయింది. నియమం ప్రకారం విరిగిన ముక్క నాది. పెద్దాయన కూలలేదు, కుంగాడు. ఈ రెండూ ఒకటి కావు. మిగిలిన పదకొండు ముక్కలూ చెక్కు చెదరలేదు. గొడుగులు ముడుచుకున్నాయి, ముడుచుకోవడం గొడుగు ధర్మం. కాబట్టి తప్పవలసింది నేను ఒక్కదాన్నే."

అట్టను ఊడబెరికి కన్నాలు చూపించాను. మిగిలిన ఇసుక బుస్సున నా చెప్పుల్లోకి పోయింది.

పరీక్షకురాలు వంగి కన్నాలను ఒక్కొక్కటిగా పరిశీలించింది. లేచి నిలబడినప్పుడు ఆమె ముఖం వెలిగిపోతోంది.

"వివరణే విగ్రహాన్ని పొడిచేసింది! మన విమర్శ మొత్తం మీద ఇంతకంటే పదునైన విమర్శ ఉంటుందా?"

"ఇది విమర్శ కాదండీ. బుద్ధితక్కువ."

"చూశారా, ఆ మాటతో సహా."

"ఏ మాటతో సహానూ కాదు. నేను కావాలని చేయలేదు."

"కావాలని చేసినవాళ్ళెవరూ ఇంత గట్టిగా కాదనరమ్మా. అదీ నిజమే. కానీ కావాలని చేయనివాళ్ళు అసలు ఇంతసేపు వాదించరే!"

నేను మూడు వైపుల నుంచి వెళ్ళాను. పిన్నుల పొడవు నుంచి, రబ్బరు స్వభావం నుంచి, నా గత చరిత్ర నుంచి. సబ్బు గురించి చెప్పాను. రొట్టె గురించి చెప్పాను. ప్రిన్సిపాలు గారిని సాక్షిగా పిలిచాను. హాజరు విషయంలో తాను ఎవరికీ ఏ హామీ ఇవ్వలేదని మాత్రమే ఆయన అన్నారు. మాస్టారిని నేరుగా అడిగాను.

"మాస్టారూ, మీకు తెలుసు. చెప్పండి. నిలబడిందా?"

ఆయన కిటికీ నుంచి ముఖం తిప్పారు.

"ఇప్పుడు నిలబడిందమ్మా," అన్నారు.

ఇది సమాధానం కాదు. ఆ మాట అక్కడే అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. పరీక్షకురాలు అందరినీ ఉత్తీర్ణులను చేసి, నా పేరు పక్కన ఏదో గీత గీసి, కాఫీ ఉందా అని అడిగింది.

కళాశాలల మధ్య జరిగే చర్చా పోటీల్లో నేను ఏనాడూ ఓడలేదు. మరణశిక్ష ఉండాలన్నాను, గెలిచాను, వద్దన్నాను, గెలిచాను. ఈరోజు నాకు తెలిసిన నిజం కోసం, నాకు వ్యతిరేకంగా, నా శక్తినంతా పెట్టి వాదించాను. చిత్తుగా ఓడిపోయాను. తీర్పు మీద అప్పీలు లేదు. పాసయ్యాను.

అదే రోజు, మళ్ళీ

పెద్దక్క గేటు దగ్గర పట్టుకుంది.

"నీకేమైనా పిచ్చా? 'అవునండీ' అంటే ఒక్క ముక్కలో అయిపోయేది. నా గుండె చెప్పుల్లోకి జారింది."

"అబద్ధం కదక్కా."

"రోజూ స్టేజీ ఎక్కి చెప్పేవేమిటి మరి?"

"అవి పక్షాలు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. నవ్వడం మొదలుపెట్టింది. గేటు ఊచ పట్టుకుని నవ్వింది. దారిన పోయేవాళ్ళు ఆగేంతగా నవ్వింది. అందులో నవ్వవలసినది ఏముందో నేను అడిగేలోపే నాకూ వచ్చేసింది.

"చెప్పుల్లో ఇసుక దులుపుకోవే," అంది ఆఖరికి. "పద, బస్సు పోతుంది."

సెప్టెంబరు 12

కాలేజీ పుస్తకంలో వేయడానికి ఫొటో కావాలన్నారు. అదీ నిలబడి ఉన్న పెద్దాయన కావాలట. మోకాళ్ళ మీద ఉన్నవాణ్ణి వేస్తే తల్లిదండ్రులు తప్పుగా అనుకుంటారని ప్రిన్సిపాలు గారి అభిప్రాయం. ట్యూబులో ఇసుక లేదు. కొత్తది కుట్టే వ్యవధి లేదు.

పన్నెండు మందిమీ కలిసి లేపాం. మౌని "ఒకటి, రెండు" అని లెక్కపెట్టాడు. మూడు అనడం మరిచిపోయాడు, అయినా అందరం ఒకేసారి లేపాం. గొడుగుల్ని తెరిచి కట్టేశారు. ఖాళీ ట్యూబులోకి పాత బట్టలు కూరినా కాలు ఆగడం లేదు. నేను వెనక్కి వెళ్ళి, గొంతుక్కూర్చుని, రెండు చేతులతోనూ పట్టుకున్నాను. నడుము సరిగ్గా నా నెత్తి మీద ఉంది. కాగితం గుజ్జు ఇంకా కంపు కొడుతోంది.

ఫొటో తీసే ఆయన చాలాసేపు తీశాడు. నవ్వమన్నాడు. నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు. నేను ఆయనకు కనబడను.

సెప్టెంబరు 20

ఫొటో వచ్చింది. అత్త క్లాసు నుంచి వచ్చి, తాళంచెవులు బల్ల మీద పడేసి, కాలు చాపి స్టూలు మీద పెట్టుకుని, ఫొటోను వెలుగులోకి తిప్పి చూసింది.

"బాగున్నాడే. నా మోకాలు నాకంటే బాగుంది. అందరూ ఉన్నారు... ఈ పొడుగాటివాడేనా మాట్లాడనివాడు? మాట్లాడేవాడిలాగే ఉన్నాడు. నువ్వేదీ?"

"మోకాలి వెనక."

"అక్కడేం పని? ఫొటో అంటే అందరికంటే ముందు నిలబడేదానివి."

"వదిలితే పడిపోతాడత్తా."

నేను ఇంకా ఏదో చెబుతానని అత్త కాసేపు ఎదురుచూసింది. చెప్పకపోయేసరికి ఫొటోను కళ్ళకు మరింత దగ్గరగా పెట్టుకుని వెతికింది.

"ఇవిగో. రెండు పక్కలా వేళ్ళు కనిపిస్తున్నాయి. నీవేనా?"

"నావే."

"గోళ్ళు చూడు ఎంతున్నాయో. తీసుకోవే తల్లీ, మళ్ళీ కన్నం పడుతుంది."

తీసుకున్నాను.